టీవీలో తెలుగు అక్షరం చదవగలిగేలా

రాజమండ్రిలో మా అమ్మానాన్నల ఇంట్లో కంప్యూటర్‌ని టీవీకి కలిపాం. తెర మీద బొమ్మ రప్పించడం పెద్ద పనేమీ కాదు, సరైన కేబుల్ ఒకటి దొరికితే వచ్చేస్తుంది. ఆ బొమ్మలో తెలుగు అక్షరం కంటికి శ్రమ లేకుండా చదవగలిగేలా ఉండాలి. మాట కూడా టీవీలోంచే వినపడాలి. కరెంటు వల్ల యంత్రాలకి గానీ మనుషులకి గానీ ఇబ్బంది రాకూడదు. మా శ్రమంతా ఈ మూడింటికే పట్టింది. ఇంట్లో పెద్దవాళ్లున్న ఎవరికైనా ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాను.

నాన్నగారు తెలుగు మాస్టారుగా పనిచేసి రిటైరయ్యారు. పొద్దున్నే కాఫీ అయ్యాక ఈ-పేపర్లు, ఆ తర్వాత పాత పుస్తకాలు, ఇదీ ఆయన దినచర్య. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కింద స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు వేలల్లో ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఇప్పుడు ఏ షాపులోనూ దొరకని వ్యాఖ్యానాలు, నిఘంటువులు, శతకాలు అందులో ఉన్నాయి. అయితే ఆ స్కాన్లు అంత శుభ్రంగా ఉండవు. కొన్ని పేజీలు వంకరగా ఉంటాయి, కొన్నిచోట్ల సిరా వెలిసిపోయి ఉంటుంది. వాటిని నాన్నగారు 18.5 అంగుళాల మానిటర్ మీద చదివేవారు.

శుక్లాల ఆపరేషన్ అయ్యాక ఆయనకి ఒక చిక్కు వచ్చింది. కంట్లో వేసిన లెన్సు దూరపు చూపుకి సరిపడేది. వీధి చివర బోర్డు అద్దాలు లేకుండా చదివేస్తారు. చేతిలో పుస్తకానికి దగ్గర చూపు అద్దాలున్నాయి. మానిటర్ మాత్రం ఈ రెంటికీ మధ్య దూరంలో ఉంటుంది. అద్దాలు పెట్టుకుంటే మెడ ముందుకు చాచాలి, తీసేస్తే అక్షరాలు అలుక్కుపోతాయి. ఒక గంట కూర్చుంటే మెడనొప్పి. హాల్లో 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ టీవీ ఉంది. ఆరడుగుల దూరంలో కూర్చుంటే దాన్ని ఆయన అద్దాలు లేకుండానే హాయిగా చూస్తారు. కంప్యూటర్‌నే అందులోకి తెస్తే సరిపోతుంది కదా అన్నది ఆలోచన. ఉపన్యాసాలు, పాత రేడియో నాటకాలు కూడా వింటారు కాబట్టి మాట కూడా అందులోంచే రావాలి.

ముందు రెండింటి వెనకవైపూ చూశాను. ఎవరైనా షాపుకి పరిగెత్తే ముందు ఇదే చెయ్యాలి. ఫోన్‌తో రెండు వైపులా ఫొటోలు తీసుకుని వెళ్తే సగం పని అయినట్టే. నాన్నగారి సీపీయూ పాతది. వెనక నీలం రంగు వీజీఏ పోర్టు, దాని పక్కన తెల్లటి వెడల్పాటి డీవీఐ, కింద గులాబీ, ఆకుపచ్చ, నీలం రంగుల్లో మూడు ఆడియో రంధ్రాలు. హెచ్‌డీఎంఐ లేదు. టీవీ వెనక రెండు హెచ్‌డీఎంఐ పోర్టులున్నాయి. ఒకదాని పక్కన బ్రాకెట్‌లో డీవీఐ అని చిన్న అక్షరాలతో ఉంది. ఒక వీజీఏ కూడా ఉంది. ఇంకో మూల "పీసీ/డీవీఐ ఆడియో ఇన్" అని ఒక చిన్న గుండ్రటి రంధ్రం. ఈ చివరిది చాలామంది కంటపడదు. మాకు ధ్వని దారి దొరికింది అక్కడే.

రెండు వైపులా వీజీఏ ఉంది కాబట్టి అదే కలపొచ్చు కదా అంటే, కలపొచ్చు, బొమ్మ వస్తుంది. కానీ వీజీఏ 1987లో ఐబీఎం వాళ్లు తెచ్చిన పద్ధతి. అప్పటి గాజు పిక్చర్ ట్యూబులకి తగినట్టు చేసింది. కంప్యూటర్‌లోని అంకెలని అది వోల్టేజీ హెచ్చుతగ్గులుగా మార్చి పంపుతుంది, ఇప్పటి టీవీ వాటిని మళ్లీ అంకెలుగా మార్చుకుంటుంది. ఈ రెండు మార్పిడుల మధ్య, అందులోనూ కేబుల్ పొడుగ్గా ఉన్నా నాసిగా ఉన్నా, అక్షరాల పక్కన సన్నటి నీడ పడుతుంది. సినిమా చూసేవాళ్లకి అది తెలియను కూడా తెలియదు. చదివేవాళ్లకి తెలుస్తుంది. 1999లో వచ్చిన డీవీఐ అంకెలని అంకెలుగానే పంపుతుంది. 2002 చివర్లో వచ్చిన హెచ్‌డీఎంఐ కూడా బొమ్మ విషయంలో డీవీఐ పద్ధతినే తీసుకుంది. అందుకే ఒక కొస డీవీఐ, ఇంకో కొస హెచ్‌డీఎంఐ ఉన్న మామూలు కేబుల్ చాలు. మధ్యలో ఏ యంత్రమూ అక్కర్లేదు.

మెయిన్ రోడ్డు మీది షాపులో ఈ కేబుల్ మూడు మీటర్లది తీసుకున్నాను. అక్కడే ఇంకొకాయన వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే డబ్బీ కొంటున్నారు. అలాంటిది కొనేవాళ్లు ఒకటి చూసుకోవాలి. వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చేది వేరు, హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకి మార్చేది వేరు. పైకి రెండూ ఒకేలా ఉంటాయి, ఒకదాని పని ఇంకొకటి చెయ్యదు. మొదటి రకానికి యూఎస్‌బీ నుంచి కరెంటు కావాలి, మాట కోసం ఆడియో వైరు కూడా దానికే తగిలించాలి. కొన్ని కంప్యూటర్లకి ఉండే డిస్‌ప్లేపోర్ట్ అనే ఇంకో రకం పోర్టు నుంచి హెచ్‌డీఎంఐకి వెళ్లే కేబుల్ కూడా అంతే, ఒకవైపే పనిచేస్తుంది.

కేబుల్ ఇంటికి తెచ్చి సీపీయూని టీవీ బల్ల దగ్గరికి జరుపుతుంటే చేతికి జిల్లుమంది. "అది ఎప్పుడూ ఉండేదేనమ్మా, చెప్పుల్లేకుండా తాకకు" అన్నారు నాన్నగారు. మన ఇళ్లలో చాలామంది అలా అలవాటుపడిపోతారు. నేను కేబుల్ పక్కన పెట్టేసి టెస్టర్ తెచ్చాను. సీపీయూ వెనక మర మీద ఆనిస్తే ఎర్రగా వెలిగింది.

కంప్యూటర్ పవర్ సప్లైలో కరెంటులోని రొద బయటికి పోకుండా చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఒకటి ఫేజుకీ డబ్బాకీ మధ్య, ఒకటి న్యూట్రల్‌కీ డబ్బాకీ మధ్య. డబ్బాకి ఎర్త్ ఉంటే వాటిలోంచి కారే కాస్త కరెంటు భూమిలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే డబ్బా 230 వోల్టుల్లో సగం, అంటే సుమారు 115 వోల్టుల దగ్గర ఆగి ఉంటుంది. కారే కరెంటు చాలా తక్కువ, మిల్లీ ఆంపియర్‌లో కొంత భాగమే. అందుకే జిల్లుమంటుంది గానీ విసిరికొట్టదు. కానీ అదే డబ్బాకి కట్టిన కేబుల్ చివరని టీవీలో గుచ్చినప్పుడు ఆ తేడా అంతా కేబుల్ లోంచి టీవీలోకి దారి వెతుక్కుంటుంది. హెచ్‌డీఎంఐ పోర్టు వెనక ఉండే చిప్పులు కొద్ది వోల్టులకే పుట్టినవి. "కేబుల్ పెట్టగానే టీవీ పోర్టు పోయింది" అని వినే మాటల వెనక చాలాసార్లు ఉండేది ఇదే. పవర్ సప్లైలో నిజంగా ఏదైనా తెగి ఫేజు డబ్బాని తాకితే మాత్రం అది ప్రాణం మీదికే వస్తుంది, అడ్డుకోవడానికి ఎర్త్ లేదు.

మా వీధిలోనే ఉండే ఎలక్ట్రీషియన్‌ని పిలిచాం. ఆయన స్విచ్ బోర్డు విప్పి చూసి, "మాస్టారూ, ప్లగ్గుకి మూడో కన్ను ఉంది గానీ దాని వెనక వచ్చే వైరులో కరెంటు పోయే దారి లేదండీ" అన్నాడు. హోల్డర్‌లో బల్బు పెట్టి ఫేజుకీ ఎర్త్ రంధ్రానికీ మధ్య పట్టుకుంటే అది వెలగనే లేదు. (ఈ పరీక్ష మనం చేసేది కాదు, తెలిసినవాళ్లే చెయ్యాలి.) పెరట్లో కరివేపాకు చెట్టు పక్కన ఎర్త్ గొయ్యి ఉంది. ఇల్లు కట్టినప్పుడు వేసింది. మట్టి తీస్తే పైపు కనిపించింది, దాన్ని చుట్టిన క్లాంపు దగ్గర ఇనప వైరు తుప్పు పట్టి పొడిపొడిగా ఊడి వచ్చింది. పైపు చుట్టూ మళ్లీ ఉప్పు, బొగ్గు వేసి, కొత్త క్లాంపు బిగించి, రాగి వైరు లాగి, రెండు బిందెల నీళ్లు పోశాడు. తర్వాత అదే బల్బు నిండుగా వెలిగింది. సీపీయూ మీద టెస్టర్ పెడితే వెలగలేదు. ఎండాకాలంలో అప్పుడప్పుడూ గొయ్యిలో నీళ్లు పొయ్యమని అమ్మకి చెప్పి వెళ్లాడు.

ఈ పని కంప్యూటర్ కోసం మొదలైనా ఇంట్లో ఫ్రిజ్జుకీ, వాషింగ్ మెషీన్‌కీ, గీజర్‌కీ అన్నిటికీ అక్కరకొచ్చింది. టీవీకి ఏ కేబుల్ కొనాలి అన్నదానికంటే ముందు ఇంట్లో ఎర్త్ ఉందా అన్నది చూడమని నేను అందరికీ చెబుతున్నాను. ఎర్త్ బాగున్నా సరే, రెండింటి ప్లగ్గులూ పీకేసి, డిష్ వైరు కూడా ఊడదీసి, హెచ్‌డీఎంఐ కేబుల్ పెట్టి, ఆ తర్వాతే కరెంటు ఇవ్వడం మంచి అలవాటు.

రిమోట్‌లో సోర్స్ నొక్కి డీవీఐ అని రాసి ఉన్న హెచ్‌డీఎంఐని ఎంచుకున్నాం. ముందు "నో సిగ్నల్" అంది. కీబోర్డు మీద విండోస్ గుర్తు మీటా, పీ మీటా కలిపి నొక్కితే పక్కన నాలుగు దారులు చూపిస్తుంది: కంప్యూటర్ తెర మాత్రమే, రెండింట్లోనూ ఒకటే, రెండూ కలిపి ఒక పెద్ద తెర, రెండో తెర మాత్రమే. చాలామంది రెండోది, అంటే డూప్లికేట్ పెట్టేసి ఊరుకుంటారు. చదవడానికి అది పనికిరాదు. నాన్నగారి మానిటర్‌కి అడ్డంగా 1366, నిలువుగా 768 చుక్కలున్నాయి. టీవీకి 1920, 1080. రెండింట్లోనూ ఒకటే బొమ్మ అంటే కంప్యూటర్ రెండింటికీ కుదిరే ఒక చిన్న కొలతకి దిగుతుంది, దాన్ని టీవీ సాగదీసి చూపిస్తుంది. అక్షరం అంచులన్నీ మసకబారతాయి. "సెకండ్ స్క్రీన్ ఓన్లీ" పెడితే కంప్యూటర్ టీవీ అసలు కొలతకే బొమ్మ గీస్తుంది. ఆ కొలత దానికి ఎలా తెలుస్తుందంటే, కేబుల్ తగలగానే టీవీయే తన వివరాలున్న చిన్న చీటీ లాంటిది కంప్యూటర్‌కి పంపుతుంది. ఈడీఐడీ అంటారు దాన్ని. సెట్టింగ్స్‌లోని డిస్‌ప్లే పేజీలో 1920, 1080 పక్కన "రికమెండెడ్" అని కనబడితే ఆ చీటీ సరిగ్గా అందినట్టు. వేరుగా గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్ అయితే కేబుల్ ఆ కార్డు పోర్టుకే పెట్టాలి. పైన మదర్‌బోర్డు పోర్టుకి పెడితే సాధారణంగా ఏమీ రాదు.

బొమ్మ వచ్చింది. కానీ కింద టాస్క్‌బార్ సగం తెగిపోయి ఉంది, స్టార్ట్ బటన్ తెర బయట ఎక్కడో ఉంది, పైన బ్రౌజర్‌ని మూసే గుర్తు కూడా కనబడటం లేదు. దీన్ని ఓవర్‌స్కాన్ అంటారు. పిక్చర్ ట్యూబుల రోజుల్లో ఒక్కో టీవీలో బొమ్మ అంచులు ఒక్కోలా ఉండేవి. అంచుల దగ్గర వంకరలు కనబడకుండా బొమ్మని తెర కంటే కాస్త పెద్దగా వేసి చుట్టూ కొంత దాచేసేవాళ్లు. ట్యూబులు పోయి చదును తెరలొచ్చినా టీవీలు ఆ అలవాటు మానలేదు. వచ్చిన బొమ్మలో నాలుగు వైపులా కొంచెం కొంచెం కోసేసి, మిగిలింది తెర నిండా సాగదీస్తాయి.

అంచులు తెగడం పైకి కనబడే ఇబ్బంది. దాని వెనక ఉన్న ఇబ్బంది ఇంకా పెద్దది. బొమ్మని కాస్త సాగదీశారంటే కంప్యూటర్ గీసిన ఒక చుక్క టీవీలో ఒక చుక్కగా పడదు. ఒకటి కంటే కాస్త ఎక్కువై పక్క చుక్కలోకి ఒలికిపోతుంది. ఇంగ్లీషు పెద్ద అక్షరాలు దీన్ని తట్టుకుంటాయి. తెలుగు తట్టుకోలేదు. మన అక్షరాల్లో తేడాలన్నీ చిన్న చిన్న గీతల్లోనే ఉన్నాయి. ద కింద చిన్న పుల్ల వస్తే ధ. దాని కడుపులో చుక్క వస్తే థ. గుడి చివర చిన్న మెలిక తిరిగితే గుడిదీర్ఘం. వత్తులైతే అసలు అక్షరంలో సగం కూడా ఉండవు. నాన్నగారు ఒక పాత వ్యాఖ్యాన గ్రంథం తెరిచారు. అందులో "కథ" అన్న మాట నాలుగు చోట్ల ఉంది. ఆరడుగుల నుంచి చూస్తే థ లోపలి చుక్క చుట్టూ ఉన్న నలుపులో కలిసిపోయింది. ఆయన తలుపు దగ్గర దాకా వెనక్కి వెళ్లి ఒకసారి, తెర ముందుకొచ్చి ఒకసారి చూసి, "పెద్దదయింది గానీ స్పష్టం కాలేదమ్మా" అన్నారు. ఆ మాట నూటికి నూరుపాళ్లూ నిజం.

ఓవర్‌స్కాన్‌ని రెండు రకాలుగా సరిచెయ్యొచ్చు. కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌కి వెళ్లి బొమ్మని కొంచెం కుదించడం ఒకటి. అంచులు కనబడతాయి, కానీ కంప్యూటర్ కుదించి పంపింది టీవీ మళ్లీ సాగదీస్తుంది, అక్షరం రెండుసార్లు చెడుతుంది. రెండోది టీవీలోనే కొయ్యడం మాన్పించడం. ఇదే సరైన దారి. టీవీ మెనూలో పిక్చర్, అందులో స్క్రీన్ సైజు లేక ఆస్పెక్ట్ రేషియో ఉంటుంది. దీనికి కంపెనీలన్నీ తలా ఒక పేరు పెట్టాయి. ఎల్‌జీలో "జస్ట్ స్కాన్", శాంసంగ్ పాతవాటిలో "స్క్రీన్ ఫిట్", సోనీలో "ఫుల్ పిక్సెల్". 16:9 అని పెడితే చాలదు, అందులో కోత ఉంటుంది. మా టీవీలో సరైనది పెట్టగానే తెర ఒక్క క్షణం నల్లబడి మళ్లీ వచ్చింది. టాస్క్‌బార్ పూర్తిగా కనబడింది. నాన్నగారు చూసింది టాస్క్‌బార్‌ని కాదు. "ఇదుగో, చుక్క!" అన్నారు, థ లోపలి చుక్కని చూపిస్తూ.

ఇంకా ఒకటి మిగిలింది. తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలు చక్కగా ఉన్నాయి, ఈ-పేపర్లో ఎర్ర అక్షరాల హెడ్డింగులు మాత్రం అలికినట్టు ఉన్నాయి. టీవీలు సినిమాల కోసం తయారైనవి. మనిషి కన్ను వెలుగుచీకట్లని పట్టినంత బాగా రంగుల్ని పట్టదు కాబట్టి, రంగు వివరం సగానికి తగ్గించినా సినిమాలో తేడా తెలియదు. అందుకని చాలా టీవీలు లోపల రంగు వివరాన్ని తగ్గించి వాడుకుంటాయి. సన్నటి ఎర్ర గీతకి అది శాపం. దీనికి మందు, ఆ హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ పేరుని "పీసీ" అని మార్చడం. సోర్స్ జాబితాలో ఆ ఇన్‌పుట్ మీద నిలబడి పేరు మార్చే ఎంపిక ఉంటుంది. పేరు మార్చడంతో ఏమవుతుందని అనిపిస్తుంది, కానీ శాంసంగ్, ఎల్‌జీ టీవీలు చాలావాటిలో ఈ పేరు ఒక స్విచ్చు. "పీసీ" అనగానే టీవీ తన మెరుగులన్నీ పక్కన పెట్టి, వచ్చిన బొమ్మని వచ్చినట్టే చూపిస్తుంది. సోనీలో అయితే పిక్చర్ మోడ్‌లో "గ్రాఫిక్స్" పెట్టాలి. ఎర్ర హెడ్డింగులు కుదుటపడ్డాయి. మౌస్ కదిపితే ఆలస్యంగా కదిలే బాణం కూడా చేతితో పాటే కదలడం మొదలుపెట్టింది.

షార్ప్‌నెస్ బాగా తగ్గించాను. పెంచితే అక్షరం స్పష్టమవుతుందని అనుకుంటారు గానీ, అది అక్షరం చుట్టూ తెల్లటి అంచు గీస్తుంది, వత్తుల మధ్య ఖాళీలు పూడిపోతాయి. బ్యాక్‌లైట్ కూడా దించాను. షాపులో మెరవడానికి పెట్టిన వెలుగులో తెల్ల కాగితం గంటసేపు చూస్తే ఎవరి కళ్లైనా మండుతాయి.

విండోస్‌లో అన్నిటినీ పెద్దవి చేసి చూపించే స్కేలింగ్ 150 శాతం పెట్టి, అక్షరాల అంచులు నునుపు చేసే క్లియర్‌టైప్ ఒకసారి సరిచేసి, బ్రౌజర్‌లో తెలుగు ఫాంటు మార్చాం. పాత విండోస్‌తో వచ్చిన గౌతమి ఫాంటు గీతలు సన్నం. విండోస్ 8 నుంచి ఉన్న నిర్మలా నయం. నాన్నగారికి సిలికానాంధ్ర వాళ్లు ఉచితంగా విడుదల చేసిన "మండలి" నచ్చింది. అది పత్రికల అచ్చుకి తగ్గట్టు చేసిన ఫాంటు, గుండ్రంగా నిండుగా ఉంటుంది, వత్తులు దూరం నుంచీ తెలుస్తాయి. ఇప్పుడు ఏ వెబ్‌సైట్ తెరిచినా అదే వచ్చేలా పెట్టుకున్నారు. స్కాన్ చేసిన పుస్తకాలకి ఫాంటుతో పని లేదు, అక్కడ పేజీని తెర వెడల్పుకి సరిపెట్టుకుంటే చాలు.

ఇక మాట. డీవీఐ పద్ధతిలో ధ్వనికి చోటు లేదు. కొన్ని గ్రాఫిక్స్ కార్డులు డీవీఐ పోర్టులోంచి కూడా ధ్వని పంపుతాయి, మా సీపీయూ లాంటి పాతవాటిలో అది ఆశించలేం. టీవీ వెనక "పీసీ/డీవీఐ ఆడియో ఇన్" ఉన్నది ఇందుకే. సీపీయూ వెనక ఆకుపచ్చ రంధ్రంలో ఒక కొస, టీవీ రంధ్రంలో ఇంకో కొస. రెండు వైపులా ఇయర్‌ఫోన్ పిన్ను ఉండే మామూలు వైరు. కానీ టీవీ ఈ రంధ్రాన్ని డీవీఐ అని రాసి ఉన్న హెచ్‌డీఎంఐతోనే జత కడుతుంది. రెండో హెచ్‌డీఎంఐలో కేబుల్ పెడితే బొమ్మ అద్భుతంగా వస్తుంది, మాట మాత్రం ఎంత వెతికినా రాదు. ఆ చిన్న బ్రాకెట్ విలువ అంత.

మాట వచ్చింది, దానితో పాటు "గుంయ్"మని ఒక రొద కూడా వచ్చింది. పాట ఆగినప్పుడు బాగా వినబడుతోంది. ఒక్కొక్కటే ఊడదీసి చూస్తే, డిష్ వైరు తీసినప్పుడు రొద ఆగిపోయింది, పెడితే మళ్లీ వచ్చింది. సంగతేమిటంటే, ఇప్పుడు సీపీయూ మన ఎర్త్‌కి కట్టుబడి ఉంది. డిష్ గొడుగు మేడ మీద ఇనప రెయిలింగుకి బిగించి ఉంది, దాని వైరు పై తొడుగు అటునుంచి భూమికి చేరుతోంది. రెండు దారుల మధ్య కొద్దిపాటి తేడా ఉంటే అది ఆడియో వైరు తొడుగు గుండా ప్రవహిస్తుంది. మన కరెంటు సెకనుకి 50 సార్లు అటూఇటూ మారుతుంది కాబట్టి అదే స్వరంలో రొద పలుకుతుంది. గ్రౌండ్ లూప్ అంటారు.

పక్కింటాయన మంచి మనసుతోనే ఒక సలహా చెప్పారు, సీపీయూ ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేస్తే రొద పోతుందని. పోతుంది, నిజమే. ప్రాణరక్షణ కూడా దానితోనే పోతుంది. ఈ సలహా ఎవరిచ్చినా దయచేసి వినకండి. దీనికి గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అని చిన్న డబ్బీ దొరుకుతుంది. లోపల బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి. పాటని దాటనిస్తాయి, రెండు వైపుల లోహాన్నీ విడదీస్తాయి. కార్లలో స్టీరియోకి వాడతారు కాబట్టి కారు సామాన్ల షాపుల్లో కూడా దొరుకుతుంది. ఆడియో వైరుకి మధ్యలో అది పెట్టగానే రొద ఆగింది. ఆ రాత్రి నాన్నగారు ఒక పాత రేడియో నాటకం పెట్టుకుని, మాటకీ మాటకీ మధ్య నిశ్శబ్దం ఉన్నచోట నా వైపు చూసి తల ఊపారు.

కంప్యూటర్‌లో వాల్యూమ్‌ని ముప్పాతిక దాటించి అక్కడే ఉంచేసి, హెచ్చుతగ్గులు టీవీ రిమోట్‌తో చేసుకోమన్నాను. కంప్యూటర్‌లో తగ్గించి టీవీలో పెంచితే చిన్నపాటి రొదలన్నీ పెద్దవవుతాయి. వైర్‌లెస్ కీబోర్డు, మౌస్ కొన్నాం. వాటి బుల్లి రిసీవర్‌ని సీపీయూ ముందువైపు పోర్టులో పెట్టాలి. వెనక పెడితే ఇనప డబ్బా అడ్డమొచ్చి అక్షరాలు మింగేస్తుంది.

బెంగళూరులో మా తమ్ముడి ఇంట్లో సంగతి వేరు. కొత్త ల్యాప్‌టాప్, ఫుల్ హెచ్‌డీకి నాలుగు రెట్లు చుక్కలుండే 4కే టీవీ, ఒకే హెచ్‌డీఎంఐ కేబుల్‌లో బొమ్మా మాటా రెండూ వెళ్తాయి. అయినా మాట ల్యాప్‌టాప్‌లోనే మోగుతోందని ఫోన్ చేశాడు. టాస్క్‌బార్‌లో స్పీకర్ గుర్తు మీద నొక్కి, జాబితాలో టీవీ పేరు ఎంచుకోమన్నాను, సరిపోయింది. ఆ జాబితాలో టీవీ పేరే లేకపోతే డిస్‌ప్లే ఆడియో డ్రైవర్ లేదని అర్థం, గ్రాఫిక్స్ డ్రైవర్ మళ్లీ వేసుకోవాలి. వాడికి బాణం ఎగిరెగిరి కదులుతోందని ఇంకో ఫిర్యాదు. 2009 నాటి హెచ్‌డీఎంఐ 1.4 పద్ధతిలో 4కే బొమ్మ సెకనుకి 30 సార్లే వెళ్తుంది. 60 కావాలంటే 2013లో వచ్చిన 2.0 ఉండాలి, రెండు వైపులా. టీవీలో ఆ పోర్టుకి పూర్తి వేగం ఇచ్చే సెట్టింగ్ విడిగా ఉంటుంది, అది ఆన్ చేశాక బాగుపడింది. విండోస్ మీటా, కే మీటా నొక్కి వైరు లేకుండా కూడా పంపొచ్చు. ఫొటోలు చూపించడానికి బాగుంటుంది, టైపు చేస్తే అక్షరం ఆలస్యంగా పడుతుంది. చదివేవాళ్లకి వైరే మేలు.

మా నాన్నగారి లాంటివాళ్ల కోసం కొత్తగా టీవీ కొనేవాళ్లకి ఒక మాట. 32 అంగుళాల "హెచ్‌డీ రెడీ" టీవీల్లో ఎక్కువవాటి తెర 1366, 768 చుక్కలదే. కంప్యూటర్ 1920, 1080 పంపినా తీసుకుంటాయి, కానీ లోపల కుదించి చూపిస్తాయి. పెట్టె మీద "1080 సపోర్ట్" అని ఉన్నా తెర మీద అన్ని చుక్కలు ఉన్నట్టు కాదు. సినిమాకి పరవాలేదు, తెలుగు చదవడానికి ఫుల్ హెచ్‌డీ గానీ 4కే గానీ ఉండాలి.

మానిటర్‌ని తీసెయ్యలేదు. దాని వీజీఏ వైరు అలాగే ఉంచి టీవీ బల్ల పక్కనే నిలబెట్టాం. సాయంత్రం టీవీ అమ్మది. ఆ వేళకి నాన్నగారికి మెయిల్ చూసుకోవాలనిపిస్తే మానిటర్ వాడుకుంటారు. మీటలు మర్చిపోకుండా ఒక చీటీ రాసి మానిటర్ అంచుకి అంటించారు, ఆయన దస్తూరీలోనే: "టీవీలోకి: విండోస్ గుర్తు + పీ, చివరిది. మానిటర్‌కి: విండోస్ గుర్తు + పీ, మొదటిది. టీవీ సోర్స్: పీసీ."